గడ్డను కరిగించడమా? దారిని తెరవడమా?

కాలువకు అడ్డు పడితే చివరి పొలము ఎండిపోతుంది. అడ్డును తొలగిస్తే చాలదు. పైరు చావకముందే తొలగించాలి. గుండెపోటు సంగతి కూడా ఇటువంటిదే. శరీరమంతటికీ రక్తమును పంపే గుండె, తన కండరమునకు కావలసిన రక్తమును కరోనరీ ధమనుల ద్వారానే పొందుతుంది. ఆ ధమనిలో నెత్తురు గడ్డకట్టి దారి మూసుకుపోతే, ప్రాణవాయువు అందక ఆ మేరకు కండరము క్రమముగా చనిపోతుంది.

ఈ వ్యాధి లక్షణములను 1912లో చికాగో వైద్యుడు జేమ్స్ హెరిక్ స్పష్టముగా వివరించాడు. అయినా తరువాత చాలాకాలము రోగిని కదలనీయక మంచముమీద ఉంచడమే ముఖ్య చికిత్సగా ఉండేది. నెత్తురుగడ్డ గుండెపోటుకు కారణమా, లేక దాని ఫలితమా అనే వివాదము కూడా సాగింది. 1980లో అమెరికాలో డీవుడ్, ఆయన సహచరులు గుండెపోటు వచ్చిన నాలుగు గంటలలోపల 126 మంది ధమనులను ఎక్స్‌రే చిత్రములు తీసి పరీక్షించారు. వారిలో 110 మందికి ధమని పూర్తిగా మూసుకుపోయి ఉంది. గడ్డయే కారణమని దీనితో బలపడింది.

మూసుకొన్న దారిని తెరవడానికి రెండు సాధనములు లభించాయి. మొదటిది మందు. స్ట్రెప్టోకాకస్ అనే సూక్ష్మజీవుల నుండి వచ్చే ఒక పదార్థము నెత్తురుగడ్డను కరిగిస్తుందని 1933లో టిల్లెట్, గార్నర్ అనేవారు ప్రకటించారు. అదే తరువాత స్ట్రెప్టోకినేజ్ అయింది. రెండవది బెలూన్. 1977లో జ్యూరిచ్ నగరములో ఆండ్రియాస్ గ్రుంట్‌జిగ్ సన్నని గొట్టము చివర చిన్న బెలూనును అమర్చి, ఇరుకైన కరోనరీ ధమనిలోనికి పంపి, ఉబ్బించి దారిని వెడల్పు చేశాడు. ఈ పద్ధతిని క్రమముగా గుండెపోటు రోగులకు కూడా ఉపయోగించసాగారు.

మందు నిజముగా ప్రాణములను కాపాడుతుందా? 1986లో ప్రకటితమైన ఇటలీ ప్రయోగములో సుమారు 11,700 మంది పాల్గొన్నారు. మూడు వారములలో మరణములు వేయికి 130 నుండి 107కు తగ్గాయి. మందు ఎంత త్వరగా అందితే మేలు అంత ఎక్కువగా కనబడింది.

ఇక రెండు పద్ధతులలో ఏది మేలు? బెలూన్ చికిత్స పొందినవారిని, మందు పొందినవారిని ఊరకే పోల్చి చూస్తే సరిపోదు. తక్కువ జబ్బు ఉన్నవారినే వైద్యుడు ఒక పద్ధతికి ఎన్నుకొని ఉండవచ్చు. అప్పుడు మేలు చికిత్స వలన కలిగిందో, రోగి బలము వలన కలిగిందో తెలియదు. అందుకే చీటీలు వేసినట్లు రోగులను రెండు జట్లుగా విడదీశారు. 1993లో 395 మందిపై జరిపిన ఇటువంటి ప్రయోగ ఫలితము వెలువడింది. ఆస్పత్రిలో ఉండగా మరణముగాని, మరల గుండెపోటుగాని కలిగినవారు మందు జట్టులో నూటికి 12 మంది, బెలూన్ జట్టులో 5గురు. 2003లో 23 ప్రయోగములను, 7,739 మంది రోగులను కలిపి లెక్కించారు. కొద్ది వారములలోపల మరణములు మందుతో నూటికి 9, బెలూనుతో 7 అని తేలింది. మందు ప్రతి గడ్డనూ కరిగించలేదు; పైగా కొందరికి మెదడులో రక్తస్రావము కలిగించవచ్చు.

అయితే ఇంతటితో ప్రశ్న తీరలేదు. బెలూనుకు ప్రత్యేకమైన ప్రయోగశాల, ఆరితేరిన వైద్యులు కావాలి. మందును చిన్న ఆస్పత్రిలోనైనా సూదితో ఎక్కించవచ్చు. గంటలోపల బెలూన్ చికిత్స అందని 1,892 మందిపై జరిపిన ప్రయోగ ఫలితము 2013లో వెలువడింది. వెంటనే మందు ఇచ్చి తరువాత ధమనిని పరీక్షించిన జట్టులోను, నేరుగా బెలూనుకు పంపిన జట్టులోను మరణము, తిరిగి గుండెపోటు వంటి ఆపదలు దాదాపు సమానముగానే ఉన్నాయి. మందు జట్టులో మెదడు రక్తస్రావము మాత్రము కొంత ఎక్కువ.

కనుక ధమని పూర్తిగా మూసుకొన్న గుండెపోటులో, వ్యాధి నిర్ణయమైన రెండు గంటలలోపల బెలూన్ అందగలిగితే అదే మేలని నేటి వైద్యశాస్త్రము చెబుతోంది. అందకపోతే, మందు ఇవ్వదగిన రోగికి ఆలస్యము చేయక మందు ఇచ్చి, పిమ్మట పెద్ద ఆస్పత్రికి చేర్చాలి. ఏది గొప్పదన్న ప్రశ్నకు జవాబు గడియారమును చూసి చెప్పవలసి వచ్చింది. ఛాతీలో నొప్పి వచ్చినవానిని వెంటనే ఆస్పత్రికి చేర్చకపోతే ఈ రెండు సాధనములూ నిష్ప్రయోజనములే.