చెక్ ఇంజిన్ లైట్ ఎవరి కోసం?

అమెరికాలో పాత స్పోర్ట్స్ కారు కొనుక్కున్నవాళ్లను హడలెత్తించేది డ్యాష్‌బోర్డు మీద వెలిగే చెక్ ఇంజిన్ లైట్. అది వెలగ్గానే ఇంజిన్‌కి ఏదో ముంచుకొచ్చిందనుకుంటారు. కోడ్ చదివించి, అందులో ఏ భాగం పేరు వినబడితే ఆ భాగం మార్పించేస్తారు. డబ్బులు పోతాయి, లైటు మళ్లీ వస్తుంది. దీనంతటికీ మూలం ఒక అపోహ అని నా వాదన. ఆ లైటును తెచ్చింది ఇంజిన్ ఏమవుతుందోనన్న బెంగ కాదు, ఊరి గాలి ఏమవుతుందోనన్న బెంగ. అమెరికాలో అది ఎందుకు పుట్టిందో తెలిస్తేనే అది చెప్పే మాట సరిగా అర్థమవుతుంది.

1943 జూలైలో లాస్ ఏంజెలెస్ మీద కళ్లు మండించే పొగ కమ్మింది. యుద్ధకాలం కావడంతో జపాన్ విషవాయువు వదిలిందేమోనని జనం భయపడ్డారు. తర్వాత నింద ఊళ్లోని ఒక రసాయన కర్మాగారం మీద పడింది. దాన్ని ఆపినా పొగ ఆగలేదు. అసలు కారణం తేల్చింది నెదర్లాండ్స్ నుంచి వలస వచ్చిన ఆరీ హాగెన్-స్మిట్. కాల్‌టెక్ విద్యాసంస్థలో అనాసపండు రుచి మీద పరిశోధన చేస్తున్న ఈ జీవరసాయన శాస్త్రవేత్త, 1950ల మొదట్లో, కార్లూ చమురు శుద్ధి కర్మాగారాలూ వదిలే వాయువులు ఎండ తగిలి ఓజోన్‌గా మారుతున్నాయని నిరూపించాడు. కార్ల కంపెనీలు ఆ మాటను తేలిగ్గా ఒప్పుకోలేదు. పొగ తగ్గించే పరికరాలు రాకుండా పెద్ద కంపెనీలన్నీ కూడబలుక్కున్నాయని 1969లో కేంద్ర న్యాయశాఖే దావా వేసింది. విచారణ దాకా వెళ్లకుండా అది రాజీతో ముగిసింది. 1970 నాటి స్వచ్ఛవాయు చట్టం ఈ పోరాట ఫలితమే. కార్ల పొగలోని మూడు ముఖ్యమైన విషాలను 90 శాతం తగ్గించమని అది ఆదేశించింది.

ఆ ఆదేశం కోసమే 1975 మోడళ్లతో, పొగలోని విషాలను విరిచే క్యాటలిటిక్ కన్వర్టర్లు వచ్చాయి. తర్వాత ఆ మూడు విషాలనూ ఒకేసారి విరిచే కన్వర్టర్ వచ్చింది. అది పనిచేయాలంటే, ఒక పాలు పెట్రోలుకి సుమారు 14.7 పాళ్ల గాలి బరువు లెక్కన క్షణక్షణం అందాలి. మామూలు కార్బొరేటర్ వల్ల అయ్యే పని కాదది. అందుకే పొగగొట్టంలో ఆక్సిజన్ సెన్సర్, దాని మాట విని పెట్రోలు సర్దే కంప్యూటర్ వచ్చాయి. ఆ కంప్యూటర్‌కి నోరు ఈ లైటు. 1988 మోడళ్ల నుంచి కాలిఫోర్నియా దీన్ని తప్పనిసరి చేసింది.

ఉదాహరణకి 1985–89 మధ్య వచ్చిన కార్వెట్ అనే స్పోర్ట్స్ కారు తీసుకుందాం. స్టీరింగ్ వైపు డ్యాష్‌బోర్డు కింద 12 గళ్ల సాకెట్ ఒకటి ఉంటుంది. ఇంజిన్ ఆపి, తాళం మాత్రం తిప్పి, ‘ఎ’, ‘బి’ గళ్లను పేపర్ క్లిప్పుతో కలిపితే లైటు ఒకసారి వెలిగి, కాస్త ఆగి, రెండుసార్లు వెలుగుతుంది. అంటే 12: ‘నేను పనిచేస్తున్నాను’ అని. అలా మూడుసార్లు చెప్పాక దాచుకున్న కోడ్‌లు వస్తాయి. 44 వచ్చిందనుకోండి, పొగలో ఆక్సిజన్ ఎక్కువగా ఉందని అర్థం. చాలామంది వెంటనే ఆక్సిజన్ సెన్సర్ మార్చేస్తారు. ఆ సెన్సర్ తన పని తాను చేసి ఉండవచ్చు! ముప్పై, నలభై ఏళ్ల కారులో రబ్బరు వ్యాక్యూమ్ గొట్టాలు పగులుతాయి; కొలతకు అందని గాలి లోపలికి దూరుతుంది. పెట్రోలు పంపు నీరసించవచ్చు. సెన్సర్‌కి ముందే సైలెన్సర్ గొట్టం చిట్లి బయటిగాలి పీల్చవచ్చు. అన్నిటికన్నా మోసం చేసేది మిస్సింగ్: ఒక ప్లగ్గు మండకపోతే ఆ సిలిండర్‌లోని ఆక్సిజన్ వాడకుండానే బయటికొస్తుంది, పెట్రోలు తక్కువైందనుకుని కంప్యూటర్ ఇంకా పోస్తుంది. కాబట్టి ముందు గొట్టాలు, తర్వాత ప్లగ్గులు, ఆపైన పెట్రోలు ప్రెషర్ చూడాలి. సెన్సర్ వంతు చివర.

కచ్చితంగా ఏం చెడిందో చెప్పలేని లైటు ఎందుకని అడగవచ్చు. గాలి పాడవుతోందని చెప్పడమే దాని పని, ఆ పని అది చేస్తోంది. కారణం వెతకడం మనిషి వంతు. ఇంతకన్నా గట్టి అభ్యంతరం పాత కార్ల అభిమానులది. ఈ చట్టాలే స్పోర్ట్స్ కార్ల సత్తువ తీసేశాయంటారు. కొంతకాలం అది నిజమే: 1975 కార్వెట్‌లో 5.7 లీటర్ల ఇంజిన్ మామూలు రకం 165 హార్స్‌పవరే ఇచ్చింది. కానీ అంతే పరిమాణమున్న ఇంజిన్ 1985లో 230, 1992లో 300 ఇచ్చింది. కన్వర్టర్ ఉండగానే ఇచ్చింది. పొగను అదుపు చేయడానికి తెచ్చిన కంప్యూటరే ఆ శక్తిని తిరిగి రాబట్టింది. కన్వర్టర్ పీకేసి లైటు వైరు కత్తిరించేవాళ్లు తమ కారుకి బలాన్నిచ్చిన ఏర్పాటునే చెడగొట్టుకుంటున్నారు.

కంప్యూటర్లతో కంపెనీలు కస్టమర్‌ను తమ షెడ్డుకే కట్టిపడేశాయన్నది మరో ఫిర్యాదు. మొదట్లో ఒక్కో కంపెనీది ఒక్కో సాకెట్, ఒక్కో కోడ్ భాష అయిన మాట వాస్తవం. ఆ ముడి విప్పింది కూడా గాలి చట్టమే. 1990 సవరణలు రిపేరుకు కావలసిన సమాచారం బయటి మెకానిక్‌లకూ ఇవ్వాలన్నాయి. 1996 మోడళ్ల నుంచి అన్ని కార్లకూ ఒకే ఆకారపు 16 గళ్ల సాకెట్, ఒకే ప్రామాణిక కోడ్‌లు వచ్చాయి. పీ0171 అంటే ఏ కంపెనీ కారులోనైనా పెట్రోలు పాలు తక్కువైందనే. అయినా పేచీ తీరలేదు. మిగతా సమాచారం కోసం మసాచుసెట్స్ ప్రజలు 2012లో ఓటు వేసి మరీ రిపేరు హక్కు చట్టం సాధించుకోవలసి వచ్చింది.

ఓబీడీ-2 అనే ఆ ఒకే సాకెట్, ఒకే కోడ్‌ల ఏర్పాటు 2013 ఏప్రిల్ నుంచి భారతదేశంలోనూ తప్పనిసరి అయింది, కాబట్టి ఆ తర్వాతి మీ కార్లలోనూ స్టీరింగ్ దగ్గర ఆ సాకెట్ ఉంటుంది. లైటు నిలకడగా వెలిగితే కంగారు పడకుండా కోడ్ చదివించండి. టపటపా కొట్టుకుంటుంటే మిస్సింగ్ వల్ల కన్వర్టర్ కాలిపోతోందని లెక్క, వేగం తగ్గించి వీలైనంత త్వరగా ఆపండి. మెకానిక్ కోడ్ చెరిపేయకముందే నంబరు అడిగి రాసుకోండి. భాగం మార్చాలంటే, ఏ పరీక్ష చేసి ఆ మాట అంటున్నాడో అడగండి.