కీటోజెనిక్ ఆహార చికిత్స

మందులకు లొంగని మూర్ఛవ్యాధికి, ముఖ్యంగా పిల్లల్లో, ఆహారంతో చేసే వైద్యాన్ని కీటోజెనిక్ ఆహార చికిత్స అంటారు. ఇందులో పిండిపదార్థాలను బాగా తగ్గిస్తారు. మాంసకృత్తులను ఎదుగుదలకు సరిపడా ఇస్తారు. ఒంటికి కావలసిన మిగతా శక్తి అంతా కొవ్వు నుంచే అందేలా చూస్తారు. ప్రకృతి వైద్యులు ఆచరించిన ఉపవాస చికిత్స దీనికి మూలం. ఆ మూలం నుంచి బయలుదేరి, ఆసుపత్రుల్లో పరీక్షకు నిలిచి, నాడీవైద్యంలో ఈ పద్ధతి స్థిరమైన చోటు సంపాదించుకుంది.

ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం ప్రపంచంలో సుమారు 5 కోట్ల మందికి మూర్ఛవ్యాధి ఉంది. వీరిలో ఎక్కువ మందికి మందులు క్రమం తప్పక వాడితే ఫిట్స్ అదుపులోకి వస్తాయి. దాదాపు మూడో వంతు మందికి మాత్రం రావు. సరైన మందులు రెండింటిని సరైన మోతాదులో వాడినా ఫిట్స్ ఆగకపోతే దాన్ని మందులకు లొంగని మూర్ఛగా లెక్కిస్తారు. ఈ ఆహార చికిత్స ప్రధానంగా అలాంటివారి కోసమే.

ఉపవాసం నుంచి ఆహారం దాకా

తిండి మానేస్తే ఫిట్స్ తగ్గుతాయన్న గమనింపు చాలా పాతది. హిపోక్రటీస్ పేరుతో ఉన్న గ్రీకు వైద్య గ్రంథాల్లోనే దాని ప్రస్తావన ఉంది. మన దగ్గర ‘లంఘనం పరమౌషధం’ అన్న మాట అన్ని రోగాలకూ వర్తించేలా ఇంటింటా వినిపించేదే.  

మూర్ఛకు ఉపవాసాన్ని పరీక్షించి చూసిన తొలి ఆధునిక వైద్యులు ప్యారిస్‌కు చెందిన గెల్పా, మరీ. వారి నివేదిక 1911లో వెలువడింది. అదే కాలంలో అమెరికాలో దేహదారుఢ్య ప్రచారకుడు బెర్నార్ మెక్‌ఫాడెన్ అనేక రోగాలకు ఉపవాసమే మందని ప్రచారం చేసేవాడు. ఆయన దారిలో నడిచిన ఆస్టియోపతీ వైద్యుడు హ్యూ కాంక్లిన్, మిషిగన్ రాష్ట్రంలోని బాటిల్ క్రీక్‌లో మూర్ఛ రోగుల చేత కేవలం మంచినీళ్లతో 18 నుంచి 25 రోజుల దాకా ఉపవాసం చేయించేవాడు. పేగుల్లో పుట్టే విషం మెదడుకు చేరడం వల్లే ఫిట్స్ వస్తాయని ఆయన నమ్మకం. ఆ సిద్ధాంతం నిలబడలేదు. కానీ ఉపవాసంలో చాలామంది పిల్లలకు ఫిట్స్ ఆగిన మాట నిజం. న్యూయార్క్ వైద్యుడు రాల్ గేలిన్ తన రోగుల్లోనూ అదే చూసి, 1921లో అమెరికన్ వైద్య సంఘం సమావేశంలో ఆ ఫలితాలను వివరించాడు.

ఇక్కడొక చిక్కు వచ్చింది. పిల్లవాడు మళ్లీ మామూలుగా తినడం మొదలుపెట్టగానే ఫిట్స్ చాలాసార్లు తిరిగొచ్చేవి. ఎదిగే పిల్లను ఎల్లకాలం పస్తులుంచలేం కదా. మేయో క్లినిక్ వైద్యుడు రసెల్ వైల్డర్ దీనికి 1921లోనే దారి చూపాడు. ఉపవాసంలో శరీరం కొవ్వును కరిగించి కీటోన్లు తయారుచేస్తుంది. పిండిపదార్థాలు తగ్గించి కొవ్వు పెంచితే, కడుపునిండా తింటున్నా అవే కీటోన్లు తయారవుతాయి. ‘కీటోజెనిక్’ ఆహారం అన్న పేరు పెట్టిందీ ఆయనే. అక్కడే పనిచేసిన పీటర్‌మన్ 1925లో మోతాదులు స్థిరపరిచాడు: శరీర బరువులో కిలోకు 1 గ్రాము మాంసకృత్తులు, రోజుకు 10 నుంచి 15 గ్రాముల పిండిపదార్థాలు, మిగతాదంతా కొవ్వు. నూరేళ్లు గడిచినా ఈ చట్రం పెద్దగా మారలేదు.

మరుగున పడి మళ్లీ వెలుగులోకి

1938లో మెరిట్, పట్నమ్ ఫెనిటాయిన్ మందు గుణాన్ని వెల్లడించారు. మాత్ర మింగితే సరిపోయేచోట తూకం వేసి వండే భోజనానికి ఆదరణ తగ్గింది. కొద్ది ఆసుపత్రుల్లోనే అది మిగిలింది. వాటిలో జాన్స్ హాప్కిన్స్ ముఖ్యమైనది. అక్కడ జాన్ ఫ్రీమన్, డైటీషియన్ మిలిసెంట్ కెల్లీ ఈ పద్ధతిని కాపాడుకుంటూ వచ్చారు. మందులకు లొంగని ఫిట్స్‌తో బాధపడుతున్న తన కుమారుడికి అక్కడ నయం కావడంతో, హాలీవుడ్ దర్శకుడు జిమ్ ఏబ్రహామ్స్ 1994లో చార్లీ ఫౌండేషన్ స్థాపించాడు. ఇదే ఇతివృత్తంతో ఆయన 1997లో మెరిల్ స్ట్రీప్ నాయికగా టెలివిజన్ చిత్రం తీశాడు. అప్పటి నుంచి ఈ చికిత్సపై పరిశోధన మళ్లీ ఊపందుకుంది.

పనిచేసే తీరు

మెదడు మామూలుగా గ్లూకోజుతో నడుస్తుంది. పిండిపదార్థాలు అందనప్పుడు కాలేయం కొవ్వు ఆమ్లాల నుంచి బీటా హైడ్రాక్సీ బ్యుటిరేట్, అసిటో అసిటేట్ అనే కీటోన్లను తయారుచేస్తుంది. దీర్ఘ ఉపవాసంలో మెదడు తన శక్తి అవసరంలో అధిక భాగాన్ని వీటితోనే తీర్చుకుంటుందని జార్జ్ కాహిల్ బృందం 1967లో నిరూపించింది.

ఫిట్స్ ఎందుకు ఆగుతాయన్నదానికి ఒక్క సమాధానం లేదు. నాడీకణాల ఉద్రేకాన్ని అణచే గాబా, అడినోసిన్ వంటి రసాయనాల ప్రభావం పెరగడం, కణాల్లో శక్తి ఉత్పత్తి మెరుగుపడటం, కొన్ని కొవ్వు ఆమ్లాలే నేరుగా నాడీ గ్రాహకాలను అడ్డుకోవడం ప్రధాన వివరణలు. ఈ ఆహారం పేగుల్లోని సూక్ష్మజీవులను మార్చడం ద్వారా కూడా ఫిట్స్‌ను తగ్గిస్తుందని 2018లో ఎలుకలపై జరిగిన ఒక పరిశోధన చూపింది.

లెక్క, వంటగది

సంప్రదాయ పద్ధతిలో 4:1 నిష్పత్తి ప్రసిద్ధం. అంటే మాంసకృత్తులు, పిండిపదార్థాలు రెండూ కలిపి 1 గ్రాము ఉంటే కొవ్వు 4 గ్రాములు ఉండాలి. అప్పుడు 90 శాతం కేలరీలు కొవ్వు నుంచే వస్తాయి. రోజుకు 1000 కేలరీలు కావలసిన 15 కిలోల పిల్లవాడి లెక్క చూస్తే, కొవ్వు 100 గ్రాములు, మిగతా రెండూ కలిపి 25 గ్రాములు. ఆ 25లో 15 గ్రాములు మాంసకృత్తులకే పోతాయి. పిండిపదార్థాలకు మిగిలేది 10 గ్రాములు. 100 గ్రాముల అన్నంలో సుమారు 28 గ్రాముల పిండిపదార్థం ఉంటుంది. కాబట్టి రెండు మూడు ముద్దల అన్నంతోనే రోజంతటి వాటా అయిపోతుంది. చిరుధాన్యాలైనా ఈ లెక్కలో తేడా పెద్దగా ఉండదు.

అందుకే ఈ పళ్లెంలో నెయ్యి, వెన్న, మీగడ, కొబ్బరినూనె ముందుంటాయి. వాటి తర్వాత గుడ్డు, పనీరు, చేప, కొద్దిగా ఆకుకూర, బీరకాయ లాంటివి. శాకాహారులకూ ఈ భోజనం అమర్చవచ్చు. ప్రతిదాన్నీ గ్రాముల త్రాసుపై తూచి వండాలి. గిన్నెకు అంటుకున్న నెయ్యినీ గీకి తినిపించాలి, అదీ లెక్కలోదే.

పళ్లెం బయట కూడా జాగ్రత్తలున్నాయి. దగ్గు సిరప్పులో చక్కెర ఉంటుంది. చుట్టాలు పెట్టే చాక్లెట్టు, గుళ్లో ఇచ్చే ప్రసాదం కూడా కీటోన్లను పడగొట్టగలవు. జ్వరానికి ఆసుపత్రికి వెళ్లినప్పుడు గ్లూకోజు సీసా ఎక్కించకముందే పిల్లవాడు ఈ ఆహారంపై ఉన్నాడని డాక్టరుకు చెప్పాలి. రక్తంలో చక్కెర పడిపోయినప్పుడు మాత్రం గ్లూకోజు తప్పనిసరి. ఆ నిర్ణయం డాక్టరుది.

ఒకప్పుడు ఒకటి రెండు రోజుల ఉపవాసంతో చికిత్స మొదలయ్యేది. ఉపవాసం లేకుండా నిష్పత్తిని క్రమంగా పెంచినా ఫలితం అంతే ఉంటుందని, ఇబ్బందులు తక్కువని 2005లో ఒక తులనాత్మక పరిశోధన తేల్చింది. చికిత్సకు పుట్టుక ఉపవాసమే అయినా ఇప్పుడు అది తప్పనిసరి కాదు.

సడలించిన పద్ధతులు

తూకం భారం తగ్గించేందుకు మరికొన్ని రూపాలు వచ్చాయి. 1971లో పీటర్ హుటెన్‌లాకర్ మధ్యస్థ గొలుసు కొవ్వుల నూనెతో ఒక పద్ధతి రూపొందించాడు. ఆ నూనె ఎక్కువ కీటోన్లు ఇస్తుంది కనుక కాస్త అన్నం, పండు తినే వీలు కలిగింది. మార్పుచేసిన అట్కిన్స్ ఆహారంలో పిండిపదార్థాలను రోజుకు 10 నుంచి 20 గ్రాములకు పరిమితం చేస్తారు. మాంసకృత్తులకు హద్దు పెట్టరు. తక్కువ గ్లైసీమిక్ సూచిక చికిత్సలో, అంటే రక్తంలో చక్కెరను నెమ్మదిగా పెంచే పదార్థాలను ఎంచుకునే పద్ధతిలో, రోజుకు 40 నుంచి 60 గ్రాముల దాకా పిండిపదార్థాలకు అనుమతి ఉంటుంది.

ఫలితాలు

లండన్‌లో 145 మంది పిల్లలపై జరిగి 2008లో వెలువడిన పరిశోధన ఈ చికిత్సకు గట్టి పునాది. మూడు నెలలకు, ఆహార చికిత్స పొందినవారిలో 38 శాతం మందికి ఫిట్స్ సగానికి పైగా తగ్గాయి. పాత చికిత్సే కొనసాగినవారిలో అలా తగ్గింది 6 శాతం మందికే. మార్పుచేసిన అట్కిన్స్ ఆహారంపై ఢిల్లీ వైద్యులు 102 మంది పిల్లలతో చేసిన పరిశోధన 2013లో వచ్చింది. అందులో ఆహారం మార్చినవారిలో 52 శాతం మందికి, మార్చనివారిలో సుమారు 11 శాతం మందికి అంతటి మేలు కనిపించింది. 2020లో ఢిల్లీ ఎయిమ్స్ 170 మంది పిల్లల్లో మూడు పద్ధతులను పోల్చింది. ఫిట్స్ తగ్గుదల మధ్యగత విలువ కీటోజెనిక్ ఆహారంతో 66 శాతం, గ్లైసీమిక్ సూచిక చికిత్సతో 54 శాతం, అట్కిన్స్‌తో 45 శాతం. దుష్ఫలితాలు గ్లైసీమిక్ సూచిక పద్ధతిలో తక్కువ.

ఎవరికి, ఎవరికి కాదు

మెదడుకు గ్లూకోజును చేరవేసే గ్లుట్-1 వాహకం లోపించిన పిల్లలకు ఇదే మొదటి చికిత్స. పైరువేట్ డీహైడ్రోజినేజ్ లోపంలోనూ అంతే. డ్రావే, డూసే సిండ్రోమ్‌లు అనే మూర్ఛ రకాల్లో, పసిపిల్లల స్పాజమ్‌లలో కూడా దీనితో మేలు కనిపించింది. మేలు జరుగుతోందో లేదో తేల్చడానికి మూడు నెలలు చూస్తారు. పనిచేస్తే సాధారణంగా రెండేళ్లు కొనసాగించి, మెల్లగా మామూలు తిండికి తెస్తారు. గ్లుట్-1 లోపంలో ఇంకా ఎక్కువ కాలం కావాలి.

కొవ్వును జీర్ణక్రియ తర్వాత శక్తిగా మార్చుకోలేని జన్యులోపాలు, కార్నిటిన్ లోపం, పైరువేట్ కార్బాక్సిలేజ్ లోపం, పార్ఫిరియా ఉన్నవారికి ఈ ఆహారం ప్రాణాంతకం కావచ్చు. అందుకే రక్త, మూత్ర పరీక్షలు చేయకుండా మొదలుపెట్టకూడదు. మలబద్ధకం, వాంతులు, రక్తంలో ఆమ్లం పెరగడం, మూత్రపిండాల్లో రాళ్లు, కొలెస్ట్రాల్ పెరగడం, ఎదుగుదల మందగించడం తెలిసిన దుష్ఫలితాలు. విటమిన్లు, కాల్షియం విడిగా ఇవ్వక తప్పదు. ఫిట్స్ మందులను ఇంట్లోవాళ్లు సొంతంగా ఆపడం అన్నిటికన్నా ప్రమాదం. హఠాత్తుగా ఆపితే విడవకుండా ఫిట్స్ వచ్చే స్థితి ఏర్పడవచ్చు.

ఇతర నాడీవ్యాధుల్లో

అల్జైమర్స్‌లో మెదడు గ్లూకోజును వాడుకునే శక్తి తగ్గుతుంది. కీటోన్లతో ఆ లోటు పూడ్చవచ్చేమోనన్న ఆలోచనతో దానిపై చిన్న పరిశోధనలు జరిగాయి. పార్కిన్సన్, మైగ్రేన్, మెదడు కణితులపై కూడా అలాంటివి జరిగాయి. మూర్ఛకు ఉన్నంత బలమైన ఆధారం వీటిలో దేనికీ రాలేదు. మతిమరుపు ముప్పు ఉన్న వృద్ధుల విషయంలో ఫిన్లాండ్‌లో 1260 మందిపై రెండేళ్లు జరిగి 2015లో వెలువడిన పరిశోధన వేరే దారి చూపింది. సమతులాహారం, వ్యాయామం, మెదడుకు పని, రక్తపోటు అదుపు అన్నీ కలిపి పాటించినవారిలో ఆలోచనాశక్తి మెరుగ్గా నిలిచింది.

తెలుగు రాష్ట్రాల్లో

బరువు, షుగరు తగ్గడానికంటూ కొవ్వు ఎక్కువగా తినే ఆహార పద్ధతులు ఇటీవల ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో విస్తృతంగా ప్రచారమయ్యాయి. మూర్ఛ చికిత్స వాటితో ఒకటి కాదు. ఇందులో నిష్పత్తి, కేలరీలు, పరీక్షలు ఒక్కో బిడ్డకు విడిగా నిర్ణయిస్తారు. పిల్లల నాడీవైద్యుడు, డైటీషియన్, తూచి వండే ఇల్లు, ఈ మూడూ కలిసినచోటే అది ఫలిస్తుంది. డబ్బున్న నగర కుటుంబాలకే అది పరిమితమైతే అన్యాయం. గుడ్డు, నెయ్యి, ఆకుకూర, కొబ్బరి మన పల్లెల్లోనూ దొరికేవే. వాటితో గ్రాముల లెక్కన తెలుగులో రాసిన భోజన పట్టికలు, జిల్లా ఆసుపత్రిలో శిక్షణ పొందిన డైటీషియన్ ఉంటే, రెండు మందులు వాడినా ఫిట్స్ ఆగని పిల్లల తల్లిదండ్రులకు ఈ చికిత్స అందుబాటులోకి వస్తుంది.