తంబుచెట్టి వీధిలో తెలుగు రాత్రులు

బెజవాడలో రాత్రి మెయిలెక్కి, తెల్లవారి మదరాసు సెంట్రలులో దిగి, ఒక చేత తగరపుపెట్టెయు, వేరొక చేత గుడ్డతో వాసెన గట్టిన ఆవకాయజాడీయు పట్టుకొని, తమ యూరి పెద్దమనిషి యెవరో వ్రాసి యిచ్చిన సిఫారసు ఉత్తరమును జేబులో తడవి చూచుకొనుచు ట్రాముబండి కొరకు నిలుచుండిన తెలుగు యువకులు ఇరువదవ శతాబ్ది పూర్వార్ధమున కొల్లలు. వారిలో న్యాయశాస్త్రము చదువవచ్చినవారు కలరు; సర్కారు కొలువు కోరి వచ్చినవారు కలరు; పత్రికలో పనిచేయవలెనను తహతహతో వచ్చినవారును కలరు. పత్రికల చరిత్రలు సంపాదకుల పేర్లనే చెప్పును. తెలుగు వచనమున కొక క్రొత్త నడక నేర్పినవారిలో, పేరు అచ్చుపడని ఆ యువకునకు మనము పెద్దపీట వేయవలసియున్నదని నా నమ్మకము.

అతడు మదరాసునకే రావలసివచ్చుటకు కారణము స్పష్టము. తెలుగు జిల్లాలు ఆనాడు మదరాసు రాజధానిలోనివి. హైకోర్టు, శాసనసభ, తంతి కార్యాలయములు, అచ్చుకూటములు అన్నియు నచ్చటనే యుండెను. బందరులో 1902లో పుట్టిన కృష్ణాపత్రిక వారపత్రికగా వెలువడుచుండెను గాని, దినపత్రికకు తంతివార్తలే ప్రాణము. తంతులన్నియు వచ్చి చేరునది రాజధానికి. అందుచేతనే కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు 1908లో బొంబాయియందు వారపత్రికగా నెలకొల్పిన ఆంధ్రపత్రికను 1914 ఏప్రిల్ 1వ తేదీన మదరాసులో దినపత్రికగా వెలయించిరి. వారి అమృతాంజన విక్రయము వలన వచ్చిన ధనము తెలుగువారి యింటింటికి వార్తయై చేరెను. నాలుగు మాసములు తిరుగకుండ ఐరోపాలో మహాసంగ్రామము చెలరేగెను. సెప్టెంబరు 22వ తేదీ రాత్రి ఎమ్డెన్ అను జర్మను యుద్ధనౌక రేవులోని చమురుతొట్లపై గుండ్లు కురిపింపగా నగరమంతయు వణకిపోయెను. జార్జిటౌనులో తంబుచెట్టి వీధిలోని పత్రికాకార్యాలయమునకును రేవునకును దూర మెంత! దూరదేశపు యుద్ధమును గూర్చి అనువదించుచుండిన యువకునకు ఆ రాత్రి యుద్ధమే గుమ్మములోనికి వచ్చినట్లు తోచియుండును.

అనువాదమే యతని వృత్తి. రాయిటరు వార్తలు, అసోసియేటెడ్ ప్రెస్సువారి వార్తలు ఇంగ్లీషులో, అదియును పదమునకు డబ్బు లెక్కించు తంతిభాషలో, ముక్కలు ముక్కలుగా వచ్చుచుండెను. వానిని దీపము ముందర పరచుకొని, విడిపోయిన యెముకలను గూర్చి శరీరము నిలబెట్టినట్లు, తెలుగు వాక్యముగా నిలబెట్టవలెను. నిఘంటువు చూచు వ్యవధి లేదు. చూచినను అందులో ఆ మాట లేదు. సహాయ నిరాకరణము, శాసనోల్లంఘనము, అవిశ్వాస తీర్మానము వంటి పదములు నేడు పల్లెటూరి రచ్చబండమీదను నిరాటంకముగ దొర్లుచున్నవి. కాని వానిని మొదట ప్రయోగించునాడు పాఠకునకు బోధపడునో లేదోయను సందేహముతో కలము క్షణకాలమైనను ఆగకుండునా? సంస్కృత మొకచో ఆదుకొనెను. వేరొకచో కచ్చేరీలలో నలిగిన వాయిదా, జప్తు వంటి మాటలే చాలెను. ఏది ఎక్కడ నిలుచునో చెప్పగల వివేకము బడిలో నేర్పునది కాదు.

ఆ వివేకమును నేర్పిన గురువులలో కంపోజిటరు నొకనిగా నే నెంచుచున్నాను. తెలుగు అచ్చునకు ఇరువదియారు అక్షరములు చాలవు. గుణింతములు, వత్తులు, కొమ్ములు, సుడులు కలిసి వందలకొలది గళ్ళుగల కేసులయెదుట నిలుచుండి, ఎడమచేతి స్టిక్కులో సీసపుటక్షరములను తిరుగవేసి పేర్చు ఆ మనుష్యునకు పొడవైన సమాసము కంటికి గాక వ్రేళ్ళకు బరువుగా తెలియును. శీర్షిక కాలములో పట్టకున్నచో, “అయ్యా, రెండక్షరములు తగ్గింపుడు” అని అతడు గేలీప్రూఫుతో వచ్చి నిలుచుండును. తగ్గించి చూచిన శీర్షిక మునుపటికంటె బాగుండుట అతనికిని, యువకునకును తెలియుచునే యుండెను. మెయిలు కదలు వేళకు కట్టలు సెంట్రలు చేరవలెను; లేకున్న బెజవాడకు, రాజమహేంద్రవరమునకు, విశాఖపట్టణమునకు వార్త పాచిపోవును. అందుచేత రైలు గంటయే సంపాదకులలోకెల్ల కఠినమైన సంపాదకుడు.

పని ముగిసిన పిమ్మట అతని బ్రతుకు తిరువల్లిక్కేణిలోని యొక మేడపై ఇరుకుగదిలో. మెస్సులోని సాంబారన్నములో జాడీనుండి తీసిన ఆవకాయ ముక్క యింటిని తలపించును. పగలు మూరుమార్కెట్టులో పాత పుస్తకములు, కన్నిమరా గ్రంథాలయములో క్రొత్తవి, సాయంకాలము మెరీనా యిసుకలో తెలుగు మిత్రులతో గ్రాంథిక వ్యావహారిక వివాదములు. గిడుగువారి వ్యావహారిక వాదమునకు తాపీ ధర్మారావుగారు జనవాణి పత్రికలో ఆచరణరూపము నిచ్చినప్పుడు, ఆ యిసుకతిన్నెలమీద ఎన్ని గొంతులు రేగినవో ఊహింపవచ్చును.

ప్రకాశంపంతులుగారు 1921లో స్థాపించిన స్వరాజ్య పత్రిక ఈ యువకుల కొక గురుకులము. అది ధనమునకు నిత్యము కటకటపడినది. పంతులుగారు తమ యార్జన నెల్ల దానిలో పోసిరి. అయినను ఖాసా సుబ్బారావుగారు, కోటంరాజు రామారావుగారు అచ్చట ఆరితేరినవారే. ఖాసావారు 1938లో ఆంధ్రప్రభకు తొలి సంపాదకులైరి. తరువాత ఆ పీఠ మెక్కిన నార్ల వేంకటేశ్వరరావుగారు పల్లెజనుల పలుకుబడిని సంపాదకీయములోనికి తెచ్చి, దానిని గౌరవముగా కూర్చుండబెట్టిరి.

1952 అక్టోబరు 19వ తేదీన మైలాపూరులో బులుసు సాంబమూర్తిగారి యింట పొట్టి శ్రీరాములుగారు ఆంధ్రరాష్ట్రము కొరకు నిరాహారదీక్ష పూనినది మొదలు డిసెంబరు 15వ తేదీవరకు, ఏబదియెనిమిది దినములు, తెలుగు విలేఖరుల త్రోవ లన్నియు ఆ యింటికే సాగెను. క్షీణించుచున్న దేహమును నిత్యము చూచి వచ్చి, కన్నీరు కనబడకుండ వార్త వ్రాయుటకంటె కఠినమైన పరీక్ష ఈ వృత్తిలో వేరొకటి నేనెరుగను. 1953 అక్టోబరు 1వ తేదీన ఆంధ్రరాష్ట్ర మేర్పడెను. మదరాసు మాత్రము దక్కలేదు. తాము వ్రాసి సాధించిన రాష్ట్రమే తమను ఆ నగరమున పరాయివారిని చేసినదను బాధ వారిలో కొందరినైన కలచియుండును.

1959లో ఆంధ్రప్రభ బెజవాడకు తరలెను. మదరాసులో పిల్లలను పెంచి, తమిళము నేర్చి, వీధివీధికి అలవాటుపడినవారు ఎటు పోవుటయో తేల్చుకొనవలసివచ్చెను. ఆంధ్రపత్రికలో పనిచేసిన కొడవటిగంటి కుటుంబరావుగారు 1952లో చందమామలో చేరి 1980లో కన్నుమూయువరకు ఆ నగరమున, ఆ బల్లయొద్దనే యుండిరి. ఆంధ్రపత్రిక ఉపసంపాదకత్వమునుండి ముళ్ళపూడి వెంకటరమణగారు చలనచిత్రరంగమున కేగిరి. తక్కినవారు తగరపుపెట్టెలు సర్దుకొని, వచ్చిన మెయిలులోనే ఉత్తరముఖముగ తిరిగిపోయిరి; ఆవకాయజాడీ మాత్రము ఈమారు ఖాళీగా ఇంటికి చేరెను.