అనంతరాజసాగరము: నీటిమట్టపు లెక్క



నీటిని నిలుపుట యొక విద్య. నిలిచిన నీటిమట్టమును కాల మెఱిగి నడపుట మఱియొక విద్య. మన పూర్వులు రెండింటిని నేర్చినవారే యనుటకు కడపసీమలోని పోరుమామిళ్ల చెరువు నిదర్శనము. విజయనగర ప్రభువగు మొదటి బుక్కరాయల కుమారుడు, ఉదయగిరి నుండి పాలించిన భాస్కర భవదూరుడు దీనిని కట్టించి, అనంతరాజసాగర మని పేరిడెను. క్రీ. శ. 1369 నాటి సంస్కృత శాసన మచటి భైరవాలయముకడ నున్నది. ప్రతిదినమును 1000 మంది కూలీలును, రాళ్లు దెచ్చుటకు 100 బండ్లును, 2 సంవత్సరములు పనిచేసినట్లు అందు చెప్పబడినది.

దానములను మాత్రమే చెప్పి విడిచిన శాసనములు పెక్కులు గలవు. ఈ శాసనము చెరువునకు వలయు 12 సాధనములను, కూడని 6 దోషములను గూడ వివరించుచున్నది. ధర్మపరుడును ధనవంతుడునగు రాజు, జలశాస్త్ర మెఱిగిన పండితుడు, గట్టినేల, తియ్యని నీటినది, కొండలనడుమ మిక్కిలి పొడవుగాని దృఢమైన కట్ట, లోతును వైశాల్యమునుగల గర్భము, పనినేర్చిన జనము మున్నగునవి సాధనములు. కట్టనుండి నీ రూరుట, చవుడునేల, రెండు రాజ్యముల పొలిమేర యగుట, చెరువునడుమ మిట్ట యుండుట, నీరు కొంచెమై పొలము విస్తారమగుట, చోటు కొంచెమై నీ రధికమగుట యనునవి దోషములు.

కడపటి రెండును మిక్కిలి విచారింపదగినవి. నీటికి మించి ఆయకట్టును పెంచినచో పైరు పొట్టకు వచ్చువేళ చెరు వెండును, తూముకడ కలహము పుట్టును. నీటికి తగిన చోటు లేనిచో కట్ట తెగును. ఈ తూకమును కాచునది అలుగు.

అలుగు ఎత్తే చెరువు నిండుమట్టము. పాతచెరువులలో పెక్కింటి అలుగులమీద నిలువురాళ్లు వరుసగా పాతియుండును. వానలు ముమ్మరముగా నున్నన్నాళ్లు ఆ రాళ్లసందులను తెఱచియుంచి వఱదను పోనిచ్చెడివారు. వానలు వెనుకపట్టిన పిమ్మట సందులను గడ్డితోడి మట్టిపెళ్లలతో పూడ్చి, మట్టమును కొంత పెంచుకొనెడివారు. ముందుగా పూడ్చినచో కట్టకు చేటు, ఆలసించినచో పైరునకు చేటు. ఆ అదను కనిపెట్టినందుకే నీరుగంటికి కళ్లములో మేర కొలిచి యిచ్చెడివారు. చెరువులను త్రవ్వించినవారికిని, బాగుచేయించినవారికిని దశబంధ మను పేర మాన్యములుండెడివి. ఈ యాధారములు తొలగినచోట పూడిక పెరిగినది, తూములు శిథిలమైనవి.

ఈ లెక్క పెరటితోటకును చెల్లును. చదరపు మీటరు కప్పుపై 1 మిల్లీమీటరు వాన కురిసిన 1 లీటరు నీరగును. 20 చదరపు మీటర్ల కప్పుపై 25 మిల్లీమీటర్ల వాన పడినచో 500 లీటర్లు చూరునుండి దిగును. 200 లీటర్ల పీపా అందు సగమునైనను పట్టజాలదు. కావున పైయంచునకు దిగువ నొక గొట్టమమర్చి, పొర్లునీటిని గోడలకు దూరముగా పాదులకు మళ్లింపవలెను. అదియే అలుగు. అడుగున మడ్డి నిలుచుటకు జానెడు విడిచి కుళాయి పెట్టవలెను. అదియే తూము. దోమలు చేరకుండ మూత యుంచవలెను. వానలనడుమ పీపాలో చోటుంచుకొని, కడపటి వానలకు నిండ నింపుకొనవలెను. పాదునకు దినమునకు 2 లీటర్లు పోయుచో 200 లీటర్లు 10 పాదులకు 10 దినములు వచ్చును. 20 పాదులు పెట్టినవానికి 5 దినములకే చెల్లును. శాసనము చెప్పిన అయిదవ దోష మిదియే గదా!

గ్రామపెద్దలగు మీకడకు మునకభూములవారు అలుగు దింపుమనియు, చివరి పొలములవారు ఎత్తుమనియు వత్తురు. ఎవరి పలుకుబడి యెంతయని చూడక, కట్ట బలమును, చెరువు పట్టు నీటిని, ఆయకట్టు విస్తీర్ణమును కొలిపించి, వానలు రాకమునుపే ఊరందఱి యెదుట మట్టమును నిర్ణయింపుడు.