లేకర్ ఎయిర్‌వేస్

లేకర్ ఎయిర్‌వేస్ బ్రిటన్‌కు చెందిన ఒక ప్రైవేటు విమానయాన సంస్థ. దీనిని 1966లో ఫ్రెడ్డీ లేకర్ స్థాపించాడు. లండన్ సమీపంలోని గాట్విక్ విమానాశ్రయం దీని ప్రధాన కేంద్రం. 1977లో లండన్, న్యూయార్క్ నగరాల మధ్య "స్కైట్రైన్" అనే పేరుతో అతి తక్కువ చార్జీల సర్వీసును ప్రారంభించి ప్రపంచ ప్రసిద్ధి పొందింది. అప్పుల భారంతో 1982 ఫిబ్రవరి 5న మూతపడింది. సుదూర ప్రయాణాలలో చవక విమానయానానికి ఈ సంస్థను ఆద్యులలో ఒకటిగా పరిగణిస్తారు.

స్థాపకుడు

ఫ్రెడ్డీ లేకర్ 1922 ఆగస్టు 6న ఇంగ్లాండులోని కాంటర్‌బరీలో జన్మించాడు. 1948-49లో సోవియట్ దిగ్బంధంలో ఉన్న పశ్చిమ బెర్లిన్‌కు విమానాలలో సరుకులు చేరవేసిన కార్యక్రమంలో పాల్గొని వ్యాపారంలో నిలదొక్కుకున్నాడు. తరువాత బ్రిటిష్ యునైటెడ్ ఎయిర్‌వేస్ సంస్థను నడిపి, 1965లో అక్కడి నుండి వైదొలగి, మరుసటి సంవత్సరం సొంత సంస్థను నెలకొల్పాడు. 1978లో ఆయనకు "సర్" బిరుదు లభించింది.

నేపథ్యం

ఆ రోజులలో అంతర్జాతీయ విమాన చార్జీలను విమానయాన సంస్థలు తమ సంఘం ద్వారా ఉమ్మడిగా నిర్ణయించుకునేవి. ప్రభుత్వాలు వాటిని ఆమోదించేవి. అందువలన అట్లాంటిక్ మహాసముద్రం దాటే ప్రయాణం సామాన్యునికి అందుబాటులో ఉండేది కాదు. చార్టర్ విమానాలలో చార్జీ తక్కువే గాని, వాటిలో ప్రయాణించాలంటే ఏదైనా ఒక సంఘంలో కనీసం ఆరు నెలలుగా సభ్యులై ఉండాలనే నిబంధన ఉండేది. దీనితో చౌక టిక్కెట్ల కోసమే పుట్టిన బూటకపు సంఘాలు వెలిశాయి. ఈ తతంగమేమీ లేకుండా, రైలు ఎక్కినట్లే ఎవరైనా వచ్చి టిక్కెట్టు కొని విమానం ఎక్కే పద్ధతి ఉండాలని లేకర్ 1971లో ప్రతిపాదించాడు. స్కైట్రైన్ అనే పేరు ఈ భావన నుండి వచ్చినదే.

అనుమతి కోసం పోరాటం

1972లో బ్రిటన్ పౌర విమానయాన సంస్థ లైసెన్సు మంజూరు చేసింది. అయితే అమెరికా అనుమతి ఏళ్ళ తరబడి లభించలేదు. ఈలోగా బ్రిటన్‌లో ప్రభుత్వం మారింది. వాణిజ్య మంత్రి పీటర్ షోర్, సుదూర మార్గాలలో ప్రభుత్వ రంగ సంస్థకు పోటీగా మరొక బ్రిటిష్ సంస్థను అనుమతించరాదనే విధానం చేపట్టి, స్కైట్రైన్‌కు ఆమోదాన్ని ఉపసంహరించాడు. లేకర్ న్యాయస్థానానికి వెళ్ళాడు. 1976 డిసెంబరులో లార్డ్ డెన్నింగ్ నాయకత్వంలోని అప్పీలు న్యాయస్థానం ప్రభుత్వ చర్య చట్టవిరుద్ధమని తీర్పు చెప్పింది. 1977లో అమెరికా అధ్యక్షుడు జిమ్మీ కార్టర్ ఆమోదం తెలిపాడు.

స్కైట్రైన్

మొదటి స్కైట్రైన్ 1977 సెప్టెంబరు 26న గాట్విక్ నుండి న్యూయార్క్ బయలుదేరింది. ఒకవైపు ప్రయాణానికి లండన్‌లో చార్జీ 59 పౌండ్లు, న్యూయార్క్‌లో 135 డాలర్లు. ఇది ఇతర సంస్థల సాధారణ చార్జీలో దాదాపు మూడోవంతు. 345 సీట్లు గల డీసీ-10 విమానాలను ఇందుకు వాడారు. ముందస్తు రిజర్వేషన్ ఉండేది కాదు. ప్రయాణం రోజున వరుసలో నిలబడి టిక్కెట్టు కొనుక్కోవాలి. భోజనానికి వేరుగా చెల్లించాలి. తరువాత లాస్ ఏంజెలెస్, మయామీ నగరాలకు కూడా సర్వీసులు విస్తరించాయి.

పతనానికి కారణాలు

* 1979 మే 25న షికాగోలో మరొక సంస్థకు చెందిన డీసీ-10 విమానం కూలిపోయింది. దాని ఫలితంగా జూన్, జూలై నెలలలో కొన్ని వారాల పాటు ఆ రకం విమానాలను నిలిపివేశారు. అట్లాంటిక్ మార్గంలో వాటిపైనే ఆధారపడిన లేకర్ వేసవి ఆదాయాన్ని నష్టపోయింది.
* విస్తరణ కోసం కొత్త డీసీ-10, ఎయిర్‌బస్ ఏ300 విమానాలను పెద్ద ఎత్తున అప్పు చేసి కొన్నారు.
* అప్పులు డాలర్లలో, ఆదాయం అధిక భాగం పౌండ్లలో ఉండేవి. 1980 చివరలో సుమారు 2.40 డాలర్లు ఉన్న పౌండు విలువ 1981 వేసవి నాటికి 1.80 డాలర్ల సమీపానికి పడిపోయింది. చార్జీలు పెంచకుండానే వాయిదాల భారం పెరిగింది.
* ఆర్థిక మాంద్యం వలన ప్రయాణికులు తగ్గారు.
* 1981 శరదృతువులో పాన్ యామ్, టీడబ్ల్యూఏ, బ్రిటిష్ ఎయిర్‌వేస్ తమ చార్జీలను స్కైట్రైన్ స్థాయికి తగ్గించాయి. భోజనం, సౌకర్యాలు అదే ధరకు లభించడంతో ప్రయాణికులు అటు మళ్ళారు.

మూతపడే నాటికి సంస్థ అప్పులు 25 కోట్ల పౌండ్లకు మించాయి. ప్రభుత్వం ఆదుకోవడానికి నిరాకరించింది. వేలాది ప్రయాణికులు ఎక్కడివారక్కడ చిక్కుకుపోయారు, ఉద్యోగులు జీవనోపాధి కోల్పోయారు.

వ్యాజ్యం

లేకర్‌ను దెబ్బతీయడానికి పోటీ సంస్థలు కుమ్మక్కై చార్జీలు తగ్గించాయనీ, దానికి సహాయం చేయవద్దని విమాన తయారీదారుపై ఒత్తిడి తెచ్చాయనీ ఆరోపిస్తూ లిక్విడేటరు అమెరికాలో గుత్తాధిపత్య నిరోధక చట్టం కింద 1982లో దావా వేశాడు. 1985లో ఇది కోర్టు వెలుపల రాజీతో ముగిసింది. తన వాదనలను వదులుకున్నందుకు లేకర్‌కు 80 లక్షల డాలర్లు లభించాయి. ఆరోపణలపై తుది తీర్పు వెలువడలేదు.

ప్రభావం

సంస్థ మూతపడినా అది చూపిన దారి మూతపడలేదు. 1984లో రిచర్డ్ బ్రాన్సన్ ప్రారంభించిన వర్జిన్ అట్లాంటిక్ అదే గాట్విక్ నుండి న్యూయార్క్ ప్రాంతానికి విమానాలు నడిపింది. లేకర్ సలహాలు తనకు ఉపకరించాయని బ్రాన్సన్ పలుమార్లు చెప్పాడు. లేకర్ 2006 ఫిబ్రవరి 9న అమెరికాలో మరణించాడు. తక్కువ చార్జీకి ప్రయాణికులు పెద్ద సంఖ్యలో ముందుకు వస్తారని స్కైట్రైన్ నిరూపించింది. అయితే ఆ ప్రయాణికులను నిలుపుకోవాలంటే ఆర్థిక ఒడుదుడుకులను, బలమైన పోటీదారుల ధరల యుద్ధాన్ని తట్టుకునే నిల్వ ధనం కూడా అవసరమని దాని పతనం తెలియజేస్తుంది.