ఆడవాళ్ల రేడియోలో ఆడవాళ్లంటే ఎవరు? జెన్నీ ముర్రే వీడ్కోలు, మన వేములవాడ శివపార్వతులు

కథలాపూర్ నుంచి మళ్లీ మీ ముందుకొచ్చిన. ఈసారి ముచ్చట మొదలయ్యేది మా ఇంట్లో, మా అమ్మ చాట దగ్గర.

కోరుట్ల, జగిత్యాల, సిరిసిల్ల దిక్కు ఉన్నోళ్లకు ఇది చెప్పాల్సిన పని లేదు. నా చిన్నప్పుడు వాకిట్ల అమ్మ బీడీలు చుడుతుంటే పక్కన గూట్లో రేడియో మోగేది. తునికాకు కత్తిరించి, తంబాకు పోసి, దారం చుట్టే పనిలో చేతులూ కండ్లూ రెండూ బిజీ. టీవీ పెట్టుకుంటే లెక్క పూర్తి కాదు. ఖాళీగా ఉండేవి చెవులే. అందుకే మధ్యాహ్నం ఆడవాళ్ల కార్యక్రమం రాంగనే మా వాడకట్టు అమ్మలందరూ చాటలు పట్టుకొని మా ఇంటికి వచ్చేటోళ్లు. అందులో మాట్లాడే అక్కను వాళ్లెవ్వరూ చూడలేదు. అయినా సొంత వదినె లెక్క ఆమె మీద ప్రేమ ఉండేది, కోపం కూడా ఉండేది.

ఇయ్యాల చెప్పబోయేది అట్లాంటి ఒక రేడియో అక్క కథ. ఆమె మనామె కాదు, ఇంగ్లండ్ ఆమె. పేరు జెన్నీ ముర్రే. కానీ ఆమె చుట్టూ తిరిగిన ప్రశ్న మన వేములవాడ గుడి ముందట కూడా ఉంది. జర ఓపికగా వినండి, అక్కడికే వస్తా.

బీబీసీలో "ఉమన్స్ అవర్" అనే కార్యక్రమం 1946 అక్టోబర్ 7న మొదలైంది. రెండో ప్రపంచ యుద్ధం అయిపోయి అప్పటికి ఏడాదే. యుద్ధంలో ఫ్యాక్టరీల్లో పనిచేసిన లక్షల మంది ఆడవాళ్లు మళ్లీ వంటింటికి వెళ్లిన కాలం. మధ్యాహ్నం 2 గంటలకు వాళ్ల కోసం ఒక ప్రోగ్రామ్ పెట్టారు. మొదటి ప్రెజెంటర్ ఎవరో తెలుసా? అలన్ ఐవిమే అనే మగాయన! ఆడవాళ్ల గంటలో ఆడవాళ్లకు చెప్పడానికి మగాయన కూర్చున్నాడు. ఇప్పుడు నవ్వొస్తది గానీ, అప్పుడు ఆ నిర్ణయం తీసుకున్నవాళ్లకు అందులో తప్పేం కనపడలేదు. అంటే ఆడవాళ్ల తరఫున ఎవరు మాట్లాడాలి అనే పంచాయితీ ఆ ప్రోగ్రామ్‌తోనే పుట్టింది.

జెన్నీ ముర్రే 1950లో బార్న్స్‌లీ అనే ఊర్లో పుట్టింది. బొగ్గు గనుల ప్రాంతం అది, మన గోదావరిఖని అనుకోండి. 1987లో ఉమన్స్ అవర్‌కి వచ్చింది. గర్భం, నెలసరి, ఇంట్లో దెబ్బలు, జీతంలో తేడా, ఇవన్నీ నలుగురిలో మాట్లాడే విషయాలే అని అక్కడి జనానికి అలవాటు చేసినవాళ్లలో ఆమె ఒకరు. 2006లో తనకు రొమ్ము క్యాన్సర్ వచ్చిందని ఆ ప్రోగ్రామ్‌లోనే స్వయంగా చెప్పింది. మన దగ్గర ఇప్పటికీ ఆ జబ్బు పేరు చెప్పకుండా "గడ్డ" అంటారు కదా, అందుకే అది ఎంత ధైర్యమో మనకు తెలుస్తది. 2011లో అక్కడి ప్రభుత్వం "డేమ్" అనే బిరుదు ఇచ్చింది.

ఇక్కడి నుంచే అసలు కథ. 2017 మార్చిలో ఆమె సండే టైమ్స్ పత్రిక మ్యాగజైన్‌లో ఒక వ్యాసం రాసింది. సారాంశం ఏమిటంటే: మగవాడిగా పుట్టి పెరిగి, తర్వాత మహిళగా మారినవాళ్లు గర్వంగా బతకొచ్చు, వాళ్లకు గౌరవం ఇవ్వాలి. కానీ తమను తాము నిజమైన మహిళలు అనుకోవద్దు. ఎందుకంటే ఆడపిల్లగా పెరగడం అంటే ఏంటో, చిన్నప్పటి నుంచి పడే ఆంక్షలు ఏంటో వాళ్లకు అనుభవం లేదు. ఇదీ ఆమె వాదన.

పెద్ద గొడవైంది. స్టోన్‌వాల్ అనే హక్కుల సంస్థ గట్టిగా విమర్శించింది. మీరు నిజం కాదు అని ఒక మనిషితో అన్నాక, మీకు గౌరవం ఇస్తున్నా అంటే దానికి అర్థమేముంది అనేది అటువైపు వాదన. వివాదంలో ఉన్న విషయాల మీద ప్రెజెంటర్లు తటస్థంగా ఉండాలని బీబీసీ ఆమెకు గుర్తుచేసింది. 2018 నవంబర్‌లో ఆక్స్‌ఫర్డ్ యూనివర్సిటీలో ఆమె మాట్లాడాల్సిన ఒక సభకు విద్యార్థి సంఘాలు అభ్యంతరం చెప్పాయి. వ్యక్తిగత కారణాలని చెప్పి ఆమె తప్పుకుంది.

2020 జులైలో ఉమన్స్ అవర్ వదిలేస్తున్నా అని ప్రకటించింది. అక్టోబర్ 1న చివరి ప్రోగ్రామ్. 33 ఏళ్లు. వెళ్లిపోయిన తర్వాత రాసిన వ్యాసంలో ఒక మాట చెప్పింది: ట్రాన్స్ విషయం మీద చర్చ వచ్చినప్పుడు ఆ చర్చ నడపనివ్వకుండా తనను ఆపేశారని.

ఆ టైమ్‌లో అక్కడ ఈ వేడి ఎందుకంత ఉందో కూడా చెప్పాలి. బ్రిటన్‌లో 2004 నుంచే ఒక చట్టం ఉంది. డాక్టర్ల నిర్ధారణ, రెండేళ్లు ఆ జెండర్‌లో బతికిన రుజువు చూపిస్తే కాగితాల్లో మార్చుకోవచ్చు. ఇంత తతంగం వద్దు, మనిషి తన గురించి తాను చెప్తే చాలదా అని 2018లో ప్రభుత్వం జనాన్ని అడిగింది. చివరికి 2020 సెప్టెంబర్ 22న కుదరదు అంది. జెన్నీ ముర్రే చివరి ప్రోగ్రామ్‌కు సరిగ్గా 9 రోజుల ముందు. 2025 ఏప్రిల్ 16న అక్కడి సుప్రీంకోర్టు, సమానత్వ చట్టంలో "మహిళ" అంటే పుట్టుకతో వచ్చిన శరీరాన్ని బట్టే అని తీర్పు ఇచ్చింది. ట్రాన్స్ వాళ్లను వివక్ష నుంచి కాపాడే రక్షణ మాత్రం అట్లాగే ఉంటుందని కూడా చెప్పింది.

ఇంగ్లీషులో సెక్స్, జెండర్ అని రెండు మాటలున్నాయి. ఒకటి శరీరం గురించి, ఇంకొకటి సమాజంలో మనిషి బతికే తీరు గురించి. మన తెలుగులో రెంటికీ "లింగం" అని ఒక్కటే మాట వాడుతాం. సగం గొడవ ఆ మాట దగ్గరే అవుతది.

సరే, ఇప్పుడు ఇంటికొద్దాం.

శ్రీరామనవమి నాడు వేములవాడ రాజన్న గుడికి పోయినోళ్లు మనలో చాలామంది ఉన్నరు. లోపల సీతారాముల కల్యాణం జరుగుతుంటే, బయట హిజ్రాలు, జోగినులు నెత్తికి బాసింగం కట్టుకొని, చేతిలో త్రిశూలం పట్టుకొని, తలంబ్రాలు తమ మీద తామే పోసుకొని శివుడిని పెండ్లి చేసుకుంటారు. జనం వాళ్లను శివపార్వతులు అంటారు. చిన్నప్పుడు అమ్మ నన్ను వాళ్ల ముందు నిలబెట్టి అక్షింతలు వేయించింది. అదే మనుషులు తెల్లారి కోరుట్ల బస్టాండ్‌లో కనపడితే జనం పక్కకు జరుగుతరు. ఒక రోజు దేవుడి పెండ్లాం, మిగతా 364 రోజులు నవ్వులాట.

చట్టం కూడా అట్లనే చూసింది. నిజాం కాలంలో ఫసలీ 1329లో, అంటే 1919లో, ఒక చట్టం చేశారు. "యూనక్స్ యాక్ట్". హైదరాబాద్ నగరంలో ఉండే హిజ్రాల పేర్లు ఒక రిజిస్టర్‌లో ఎక్కించాలి. వాళ్లు చీర కట్టుకొని, నగలు పెట్టుకొని వీధిలో కనపడినా, నలుగురిలో పాడినా ఆడినా పోలీసులు వారంట్ లేకుండా పట్టుకోవచ్చు. రెండేళ్ల దాకా జైలు. నిజాం పోయిండు, ఆంధ్రప్రదేశ్ వచ్చింది, తెలంగాణ వచ్చింది. చట్టం మాత్రం పుస్తకంలో అట్లనే ఉంది. 2018లో వైజయంతి వసంత మొగ్లి హైకోర్టుకు పోయింది. 2023 జులై 6న తెలంగాణ హైకోర్టు దాన్ని కొట్టేసింది. 104 ఏళ్లు!

ఈ మధ్యలో 2014 ఏప్రిల్ 15న మన సుప్రీంకోర్టు, తన జెండర్ ఏంటో చెప్పుకునే హక్కు మనిషికే ఉంది అని తీర్పు ఇచ్చింది. లండన్ తీర్పుకు 11 ఏళ్ల ముందు. రెండు కోర్టుల ముందున్న ప్రశ్నలు వేరు, చట్టాలు వేరు, అందుకే వాటిని పక్కపక్కన పెట్టి గెలుపోటములు చెప్పలేం. 2022లో ఉస్మానియా ఆస్పత్రిలో ప్రాచీ రాథోడ్, రూత్ జాన్‌పాల్ డాక్టర్లుగా చేరారు. 2024 డిసెంబర్‌లో హైదరాబాద్‌లో 39 మంది ట్రాన్స్‌జెండర్లు ట్రాఫిక్ అసిస్టెంట్లుగా డ్యూటీ ఎక్కారు.

మరి రేడియో? మన దగ్గర మైక్ ఎవరి చేతికి రావాలి అనే దాని మీద ఒక గొప్ప కథ ఉంది. జహీరాబాద్ దగ్గర మాచనూర్‌లో సంఘం రేడియో. డక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళా సంఘాలది. నడిపింది ఇద్దరు దళిత మహిళలు, ఇద్దరి పేరూ నర్సమ్మే. ఒకరు జనరల్ నర్సమ్మ, ఇంకొకరు అల్గోల్ నర్సమ్మ. 1998లోనే యునెస్కో సాయంతో సామాన్లు వచ్చాయి గానీ లైసెన్స్ లేదు. అయినా ఊరుకోలేదు. ప్రోగ్రాములు రికార్డు చేసి, క్యాసెట్లు పట్టుకపోయి సంఘం మీటింగుల్లో వినిపించారు. పదేళ్లకు, 2008 అక్టోబర్ 15న, గాలిలోకి ఎక్కారు. విత్తనాల గురించి, జొన్నల గురించి, తమ యాసలోనే. మా అమ్మ అనేది, "రేడియోల అక్క మంచిగనే మాట్లాడ్తది గని అది మన మాట కాదు" అని. మాచనూర్‌లో ఆ "మన మాట" రేడియోకు ఎక్కింది.

చూడండి, 1946లో మగాయన చేతిలో ఉన్న మైక్ ఆడవాళ్ల చేతికి వచ్చింది. చదువుకున్న పట్నం ఆడవాళ్ల చేతిలో ఉన్నది మాచనూర్ నర్సమ్మల చేతికి వచ్చింది. ప్రతిసారీ ఎవరో ఒకరు, మీ లెక్కలో మేము కూడా ఉన్నామా అని అడిగారు. జెన్నీ ముర్రే జీవితమంతా ఆ ప్రశ్నను బీబీసీ పెద్దలను అడిగిన మనిషి. 2017లో అదే ప్రశ్న ఇంకొకరు ఆమెను అడిగారు.

ఇక్కడ నా తప్పు ఒకటి ఒప్పుకోవాలి. సాఫ్ట్‌వేర్ జాబ్ వదిలేసి ఈ వీడియోలు మొదలుపెట్టిన కొత్తలో, ఒక ఎపిసోడ్‌లో హిజ్రాల మీద ఒక జోక్ వేసిన. ఆ మాట మీ అందరికీ తెలుసు, నేను మళ్లీ అనను. మంచిగ వ్యూస్ వచ్చినయి. ఒకరోజు అమ్మ ఆ వీడియో చూసి, "వేములవాడల ఎవలకు మొక్కిపిచ్చిన్రా నిన్ను?" అన్నది. అంతే. ఆ వీడియో తీసేసిన. మైక్ పట్టుకున్నోడు నవ్వితే వినేటోళ్లు కూడా నవ్వుతరు అని అప్పుడు అర్థమైంది.

ఈ ఎపిసోడ్ రాసేటప్పుడు జెన్నీ ముర్రే వాదన అమ్మకు మొత్తం చెప్పిన. ఎవరిది కరెక్టు అని అడిగిన. అమ్మ చాట పక్కన పెట్టి కొంచెంసేపు ఆలోచించింది. "నేను నిన్ను కన్న నొప్పి ఆమెకు తెల్వది. నిజమే. ఇంట్లకెళ్లి వెళ్లగొడితే ఎట్లుంటదో నాకు తెల్వది. అది గూడ నిజమే గద. ఇద్దరినీ కూసోబెట్టి అడగాలె" అన్నది.

నా అభిప్రాయం కూడా దాదాపు అదే. శరీరం అనుభవం లెక్కలోకి రాదు అంటే, కాన్పులూ నెలసరులూ రోగాలూ మోసిన మా అమ్మ లాంటి వాళ్లకు అన్యాయం. అక్కడ జెన్నీ ముర్రే మాటలో బలం ఉంది. కానీ ఆ అనుభవాన్ని తలుపుకు గొళ్లెం లెక్క పెట్టి, నువ్వు నిజం కాదు అని ఎదుటి మనిషికి చెప్పడం వేరే సంగతి. నిజాం రిజిస్టర్ చేసిన పని అదే: నువ్వు ఏందో నేను రాస్తా అన్నది.

ఇంకో మాట. ఆమెను ఆ చర్చ నుంచి తప్పించినందువల్ల ఎవరికీ లాభం కాలేదు. అంతమందిని అడిగిన అనుభవం ఉన్న మనిషి, తనకు నచ్చని జవాబులు వచ్చే మనిషిని ఎదురుగా కూర్చోబెట్టుకొని అడిగితే వినేటోళ్లకు ఎంతో తెలిసేది. ఆమె కూడా జవాబును ముందే పేపర్లో రాసేసి తన కుర్చీని తానే ఇరుకు చేసుకుంది. ఆ బాధ్యత రెండు వైపులా ఉంది.

నేను మాత్రం ఒకటి అనుకున్న. వచ్చే రామనవమికి కెమెరా పట్టుకొని వేములవాడ పోత. ఈసారి జోక్ వేయడానికి కాదు, అడగడానికి. ఒప్పుకున్నోళ్లతోనే మాట్లాడుత, వాళ్లు వద్దన్నది తీసేస్త. పక్కన అమ్మ కూడా ఉంటది. ప్రశ్నలు నాకంటే ఆమెనే మంచిగ అడుగుతది.

అప్పటిదాకా ఉంటా మరి. మీ ఇంట్లో కూడా రేడియో వింటూ బీడీలు చుట్టిన అమ్మో, అవ్వనో ఉంటే, ఏ ప్రోగ్రామ్ గుర్తుందో ఒకసారి అడిగి చూడండి. నమస్తే.