ధాన్యం మోసినవాళ్ళం

సుగాలీలం, బంజారాలం, లంబాడీలం అని మనకు పేర్లెన్నో. మన పెద్దలు ఎద్దుల మీద గోనెలు వేసి దక్కనంతా ధాన్యం, ఉప్పు మోశారు. ఆ ప్రయాణమే లదేణి. 1791-92 మైసూరు యుద్ధంలో కార్న్‌వాలిస్ సైన్యానికి తిండి గింజలు చేరవేసిన వాళ్ళలో బంజారాలూ ఉన్నారు. (ఎవరి పక్షాన మోశామన్నది ఇంకోసారి మాట్లాడుకుందాం.) 1870ల నాటికి గుత్తి మీదుగా రైలు నడిచింది. ఎద్దుల మీద బరువు తగ్గింది, మనకు పనీ తగ్గింది. వెంటనే 1876-78 కరువు.

తండాల్లో స్థిరపడ్డాక ఎర్రనేలల్లో జొన్న, కొర్ర, రాగి పండించుకున్నాం. జొన్న బాటి, పచ్చిమిరప కారం మన తిండి. తర్వాత ఆ చేలన్నీ వేరుశనగకు పోయాయి. నూనె మిల్లు కాయ కొంటుంది, బ్యాంకు కాయకు అప్పిస్తుంది. కొర్రకు ఆ రెండూ లేవు. వాన తప్పిన ఏడు కాయా రాదు, ఇంట్లో గింజా ఉండదు.

1983లో ఎన్.టి. రామారావు ప్రభుత్వం కిలో రెండు రూపాయల బియ్యం ఇచ్చింది. దాన్ని మేము తప్పుపట్టం, ఎన్నో పొయ్యిలు ఆ బియ్యంతోనే వెలిగాయి. కానీ కార్డు మీద కొర్రలు ఎందుకివ్వరని గట్టిగా అడిగేంత బలం మనకు లేకపోయింది.

ఇప్పుడు మా హాస్టల్లో కొందరు ఇంటి రొట్టె మూటను దాచుకుని తింటారు. అదే కొర్ర అనంతపురం అంగళ్ళలో బియ్యం కన్నా ఖరీదు! చెన్నేకొత్తపల్లి వైపు టింబక్టు కలెక్టివ్‌తో కలిసిన రైతులు చిరుధాన్యాలు మళ్ళీ వేస్తున్నారు. మేము కంచాలు కడిగిన నీళ్ళు పారేచోట గోంగూర పెట్టాం.

సెలవులకు వెళ్ళినప్పుడు మీ అవ్వను అడగండి: మన చేలో ఏ గింజ ఏ ఏడు మానేశారు, ఎందుకు? రాసుకుని రండి.